పాత జీపు మ్యానిఫోల్డ్ లీకు: ప్యాకింగా, ఫేసింగా, వెల్డింగా, వేరే పీసా?

పొద్దున్నే బండి స్టార్ట్ చెయ్యగానే ఇంజన్ పక్కనుంచి టక్ టక్ టక్ అని సౌండ్ వచ్చి, కాస్త వేడెక్కాక తగ్గిపోతుంటే చాలామంది ట్యాపెట్లు అనుకుని సెట్ చేయిస్తారు, అయినా తగ్గదు. చల్లగా ఉన్నప్పుడు సందు ఉండి, వేడికి లోహం సాగి ఆ సందు మూసుకుపోతుంటే అది నూటికి తొంభై పాళ్ళు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగని బయటికి తీసుకెళ్ళే బీడు పోత) లీకే. అప్పుడు మెకానిక్ ప్యాకింగ్ (గ్యాస్కెట్) మారుస్తానంటాడు, లేత్ షాపతను ఫేసింగ్ చేస్తే, అంటే అతికే ముఖాన్ని చదును చేస్తే పోద్దంటాడు, వెల్డర్ బీడు వెల్డింగ్ చేసిస్తా అంటాడు, ఇంకొకరు ఆటోనగర్‌లో వేరే పీస్ తెచ్చి వేసెయ్ అంటారు. నాలుగూ నిజమైన దారులే కానీ ఒక్కోటి ఒక్కో రోగానికి మందు. నా మాట ముందే చెప్పేస్తా: పగులు లేకుండా వంకర మాత్రమే ఉంటే ఇన్‌టేక్ (గాలీ పెట్రోలూ లోపలికి తెచ్చే మ్యానిఫోల్డ్), ఎగ్జాస్ట్ రెండూ కలిపి బిగించి ఒకేసారి మిల్లింగ్ మెషిన్ మీద ఫేసింగ్ చేయించడమే బెస్టు, మిగతావన్నీ దాని తర్వాతే. ఎందుకో కింద వివరంగా రాస్తున్నా.

ముందు మీ ఇంజన్ ఏదో చూసుకోండి, ఎందుకంటే సగం సలహాలు ఇక్కడే తేడా కొడతాయి. రెండో ప్రపంచ యుద్ధం నాటి డిస్పోజల్ (సైన్యం అమ్మేసిన) విల్లీస్ జీపుల్లోనూ తర్వాత వచ్చిన సీజే 2ఏ, 3ఏ ల్లోనూ ఉండేది ఎల్-134 ఫ్లాట్‌హెడ్, 2199 సీసీ. దీంట్లో వాల్వులన్నీ బ్లాకులోనే ఉంటాయి, కాబట్టి మ్యానిఫోల్డ్ కూర్చునేది హెడ్డుకి కాదు, బ్లాకు పక్కకి. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ విడి పోతలు, మధ్యలో బోల్టులతో కలిపి ఒకే గ్యాస్కెట్ మీద కూర్చుంటాయి. మహీంద్రా చాలా ఏళ్ళు తయారుచేసిన సీజే 3బీ లో ఉన్నది ఎఫ్-134, దీనికి ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ అనేది విడిగా లేదు, హెడ్డు పోతలోనే కలిసిపోయి ఉంటుంది, బయట ఉండేది ఎగ్జాస్ట్ ఒక్కటే. అంటే 3బీ వాళ్ళ పని సగం తేలిక, ఆ ఒక్క పీసూ చదునుగా ఉంటే చాలు. పెట్రోల్ అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ బీఎంసీ ఇంజన్‌కి హెడ్డు మీద ఒకే వరసలో ఐదు పోర్టులు (గాలి, పొగ వెళ్ళే రంధ్రాలు), రెండు ఇన్‌టేక్, మూడు ఎగ్జాస్ట్, మధ్య ఎగ్జాస్ట్ పోర్టు రెండు, మూడు సిలిండర్లకి ఉమ్మడి, అందుకే ఆ మధ్య పోర్టు దగ్గర ప్యాకింగ్‌ని ముందు చూడమంటాను. ఈ రాసేదంతా ముఖ్యంగా ఎల్-134 ని దృష్టిలో పెట్టుకుని, అంబాసిడర్‌కి కూడా చాలావరకు వర్తిస్తుంది.

లీకు ఏ వైపో తేల్చుకోవాలి. ఎగ్జాస్ట్ లీకైతే సౌండ్ ఉంటుంది, ఆ చోట నల్లటి మసి చారలు కనిపిస్తాయి. ఇన్‌టేక్ లీకైతే సౌండ్ పెద్దగా ఉండదు, స్లో స్పీడ్ నిలవదు, చోక్ కాస్త లాగితే బాగుంటుంది, చోక్ వదిలేస్తే మిస్సింగ్. ఎందుకంటే అక్కణ్ణుంచి దొంగగాలి లోపలికి పోయి మిక్స్చర్ పల్చబడుతోంది. ఇంజన్ ఇంకా చల్లగా ఉన్నప్పుడే స్లోలో పెట్టి, సీసాతో మ్యానిఫోల్డ్ జాయింటు వెంబడి నీళ్ళు పిచికారీ చేస్తూ పోండి, ఒక చోట ఇంజన్ సౌండ్ మారిందంటే లీకు అక్కడే. కొందరు కార్బురేటర్ క్లీనర్ స్ప్రే వాడతారు, పని చేస్తుంది కానీ పక్కనే కాలే ఎగ్జాస్ట్ ఉంది, మంట అంటుకునే సరుకు, నేనైతే నీళ్ళే వాడమంటా. ఇంకోటి, కార్బురేటర్ థ్రాటిల్ షాఫ్ట్ అరిగినా, కార్బురేటర్ కింద ఫ్లాంజ్ (బోల్టులు పట్టే అంచు) చెవులు అతిగా బిగించి వంగిపోయినా ఇవే లక్షణాలు వస్తాయి. అవి చూడకుండా మ్యానిఫోల్డ్ విప్పితే పనంతా వృథా.

విప్పాక పాత ప్యాకింగ్‌ని పొడిగా గీకొద్దు, వైర్ బ్రష్ గ్రైండర్ అస్సలు పెట్టొద్దు. పాతకాలం గ్యాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, బాగా తడిపి పట్టకారుతో తీసి కవర్లో కట్టి పారెయ్యండి. ఫేసు శుభ్రం అయ్యాక రెండడుగుల మంచి స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి ఉక్కు బద్ద) పోర్టులన్నిటి మీద అడ్డంగా పెట్టి కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) దూర్చి చూడాలి, ఒకసారి పై అంచు వెంట, ఒకసారి కింది అంచు వెంట, ఒకసారి మూల నుంచి మూలకి. నా లెక్క ఇదీ: నాలుగు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లోపు, అంటే 0.1 మిల్లీమీటర్ వరకు ఉంటే మంచి గ్యాస్కెట్ సర్దుకుంటుంది. అది దాటి పది థౌ వరకు, అంటే 0.25 వరకు ఉంటే చేత్తోనో మెషిన్ మీదో చదును చెయ్యాలి, పది దాటితే మెషిన్ తప్ప దారి లేదు. ఇప్పుడు అసలు విషయం, దీన్ని చాలామంది చూడరు. ఇన్‌టేక్‌ని విడిగా కొలిస్తే చదును, ఎగ్జాస్ట్‌ని విడిగా కొలిస్తే చదును, కానీ రెండూ కలిపి బిగించి కొలిస్తే ఒకటి ఎత్తులో ఒకటి పల్లంలో ఉంటుంది. అప్పుడు గ్యాస్కెట్ ఎత్తుగా ఉన్నదాని కిందే నలుగుతుంది, రెండోది వదులుగా ఉండిపోతుంది. ఎన్ని ప్యాకింగ్‌లు మార్చినా నెలకే మళ్ళీ లీకొచ్చే బళ్ళలో ఎక్కువ శాతం ఇదే కథ.

వంకర ఎందుకు వస్తుందో అర్థమైతే ఎంపిక తేలిక. బీడు వేడికి సాగేది కొంచెమే అయినా పొడవు మీద అది కలిసొస్తుంది, అర మీటరు పొడవున్న మ్యానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర మిల్లీమీటర్ల పైనే పెరుగుతుంది. అందుకే చివరి స్టడ్ల (బ్లాకులోంచి బయటికి ఉండే మర కడ్డీల) దగ్గర రంధ్రాలు కొంచెం లూజుగా ఉండాలి, అక్కడ అది పక్కకి జరగాలి. జరగనివ్వకుండా తుప్పుతో పట్టేసినా, అతిగా బిగించినా, అయితే వంగుతుంది లేదా పగులుతుంది. దానికి తోడు ఏళ్ళ తరబడి బాగా వేడెక్కి చల్లారే బీడు శాశ్వతంగా కాస్త ఉబ్బుతుంది కూడా, లోపల గ్రాఫైట్ చుట్టూ ఆక్సైడ్ పట్టడం దానికో కారణం. ఎల్-134 లో ఇంకో ముఖ్యమైన సంగతి హీట్ కంట్రోల్ వాల్వ్. ఎగ్జాస్ట్ లోపల ఒక పలక, బయట స్ప్రింగు, బరువు ఉంటాయి, చల్లగా ఉన్నప్పుడు వేడి పొగని ఇన్‌టేక్ అడుక్కి తిప్పుతుంది, వేడెక్కాక పక్కకి తప్పుకుంటుంది. అది చల్లటి పొజిషన్‌లోనే పట్టేసిందంటే ఎప్పుడూ ఇన్‌టేక్ కింద నిప్పు పెట్టినట్టే, మే నెలలో విజయవాడ ఎండకి పెట్రోల్ కార్బురేటర్‌లోనే మరిగి బండి ఆగిపోతుంది, ఆ మధ్య గోడ కాలి పల్చబడుతుంది. కోస్తాలో నడిపే బండికి దాన్ని తెరిచిన పొజిషన్‌లో వైరుతో కట్టేస్తే నష్టం లేదు, కానీ డిసెంబర్‌లో లంబసింగి, అరకు వైపు తెల్లారుజామున తిప్పేవాళ్ళు మాత్రం బాగు చేయించుకుని పనిచేసేలా పెట్టుకోండి. ఇది సరిచెయ్యకుండా ఫేసింగ్ చేయిస్తే మళ్ళీ వంగుతుంది, అంతే.

ఇప్పుడు ఒక్కో దారీ. ప్యాకింగ్ ఒక్కటే మార్చడం, మందంగా ఉన్నది వెయ్యడం లేదా రెండు కలిపి వెయ్యడం అనేది ఊరు చేరడానికి పనికొచ్చే పని. ఎగ్జాస్ట్ సిమెంట్ పేస్టు పూసినా అంతే, మామూలు సిలికాన్ పేస్టు అయితే ఎగ్జాస్ట్ వైపు కాలిపోతుంది. ఆకురాయితో చేత్తో చదును చెయ్యడం గురించి మాత్రం తేలిగ్గా మాట్లాడను, చేతిలో పని ఉన్న పాత ఫిట్టర్ అయితే సర్ఫేస్ ప్లేటు మీద నీలిరంగు పూసి, మ్యానిఫోల్డ్ దాని మీద రుద్ది, రంగు అంటిన ఎత్తుల్ని మాత్రమే పెద్ద ఆకురాయితో తీసుకుంటూ ఆరేడు థౌ వంకర చక్కగా లాగేస్తాడు. అలాంటి చెయ్యి దొరికితే ఎఫ్-134 ఎగ్జాస్ట్ లాంటి ఒంటి పీసుకి మెషిన్ అక్కర్లేదు. బెల్ట్ సాండర్ మీద నిలబెట్టి ఒత్తి తీసేవాళ్ళు ఉన్నారు, పది నిమిషాల్లో మెరిసిపోతుంది, చూడ్డానికి బ్రహ్మాండం, కానీ అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, స్ట్రెయిట్ ఎడ్జ్ పెడితే మధ్యలో ఎత్తు, చివర్లు పల్లం. నేను వద్దనే చెప్తా.

మిల్లింగ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. బోరింగ్ షాపుల్లో హెడ్ ఫేసింగ్ చేసే మెషిన్లు ఉంటాయి, లేత్ షాపుల్లో మిల్లింగ్ మెషిన్, సర్ఫేస్ గ్రైండర్ ఉంటాయి. సర్ఫేస్ గ్రైండర్ ఫినిష్ బాగుంటుంది గానీ మ్యానిఫోల్డ్ అడుగు వంకరటింకర పోత, అయస్కాంతం మీద నిలవదు, దానికి వేరే ఫిక్స్చర్ కావాలి. కాబట్టి ఫేస్ కట్టర్ వేసిన మిల్లింగే ఎక్కువ చోట్ల కుదిరే దారి. ముందు హీట్ వాల్వ్ బాగు చేసి, ఇన్‌టేక్‌కీ ఎగ్జాస్ట్‌కీ మధ్య కొత్త గ్యాస్కెట్ వేసి, రెండూ బ్లాకు మీద ఎలా కూర్చుంటాయో అలా పెట్టి మధ్య బోల్టులు బిగించాలి. స్టడ్ రంధ్రాలు సరిగ్గా వరసలో ఉన్నాయో లేదో ఖాళీ బ్లాకు మీదో, గ్యాస్కెట్ పెట్టో చూసుకోవాలి. ఆ తర్వాతే మెషిన్ మీదకి ఎక్కించాలి. అక్కడ మేస్త్రి పనితనం తెలిసిపోతుంది. క్లాంపులు వేసి గట్టిగా బిగిస్తే వంకర పీసు ఆ బిగింపుకి తాత్కాలికంగా చదునై కూర్చుంటుంది, కోత అయ్యాక క్లాంపు వదలగానే మళ్ళీ తన వంకరకి తను వెళ్ళిపోతుంది, కోసిన ఫేసు కూడా దాంతోపాటే. అలా కాకుండా క్లాంపు కింద ఎక్కడ సందుందో అక్కడ పల్చటి రేకు ముక్కలు దూర్చి, పీసు తన సహజ ఆకారంలో ఉండగానే పట్టుకుని, డయల్ గేజ్ పెట్టి బిగించేటప్పుడు ముల్లు కదలకుండా చూసుకునేవాడు దొరికితే ఆ షాపుని వదలొద్దు. కోత తక్కువ తక్కువగా, నాలుగైదు థౌ చొప్పున, చివరిది ఇంకా పల్చగా. మొత్తం ఫేసు మీద కట్టర్ తగిలితే అక్కడితో ఆపెయ్యాలి. అద్దంలా మెరవాల్సిన అవసరం లేదు, సన్నటి కట్టర్ గీతలున్నా గ్యాస్కెట్ బానే పట్టుకుంటుంది.

ఎంత వరకు తీయొచ్చు అంటే ఫ్లాంజ్ మందం చూసుకోవాలి. ఒకే వాషర్ ఇన్‌టేక్ ఫ్లాంజ్‌నీ ఎగ్జాస్ట్ ఫ్లాంజ్‌నీ రెండిటినీ కలిపి నొక్కే చోట, ఆ రెండు మందాలూ సమానంగా ఉండాలి, లేకపోతే వాషర్ ఓరగా కూర్చుని ఒక్కదాన్నే పట్టుకుంటుంది. ఫేసింగ్ అయ్యాక వెర్నియర్‌తో కొలిచి, తేడా ఉంటే మందంగా ఉన్నదాని వెనక వైపు, వాషర్ కూర్చునే చోట, ఆ తేడా మేరకు తీయించండి. వంకర ముప్పై థౌ దాటిపోయి ఉంటే మాత్రం అది కోసి పారేసేంత చిన్న విషయం కాదు, ఫ్లాంజ్ చివర్లు బలహీనపడతాయి, స్టడ్ రంధ్రాలు కూడా పక్కకి జరిగిపోయి ఉంటాయి, అప్పుడు వేరే పీసు వెతకడం మేలు.

ఇక పగుళ్ళు. పగులు ఎక్కడిదాకా పోయిందో కంటికి కనిపించేది ఎప్పుడూ పూర్తి కాదు. కిరసనాయిలు పూసి కాసేపు ఉంచి, పైన బాగా తుడిచి, సుద్దపొడి రాస్తే పగులు దారంతా తడి గీతలా పైకి వస్తుంది, డై పెనెట్రెంట్ స్ప్రే దొరికితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. స్టడ్ రంధ్రం నుంచి ఫ్లాంజ్ అంచుకి చిన్న పగులైతే, సీలింగ్ ఫేసుని దాటకపోతే, చివర 3 మిల్లీమీటర్ల డ్రిల్ వేసి వదిలేసినా ఏళ్ళు నడుస్తుంది. గొట్టం మీద పగులైతే వెల్డింగ్ ఆలోచించొచ్చు. మధ్యలో ఇన్‌టేక్ అడుగు గోడ కాలి చిల్లు పడితే అది బయటికి కనపడదు, పొగ ఇన్‌టేక్‌లోకి పోయి ఐడిలింగ్ పాడవుతుంది, మెకానిక్ కార్బురేటర్ మీద పడతాడు. ఇది చూడాలంటే రెండూ విడదీసి, ఇన్‌టేక్ పోర్టులకి బిరడాలు పెట్టి కిరసనాయిలు పోసి పెట్టండి, అడుగున చెమ్మ వచ్చిందంటే ఆ పీసు అయిపోయినట్టే, దానికి ప్యాచ్ వెయ్యమని నేనెవరికీ చెప్పను.

వెల్డింగ్‌లో మూడు రకాలు వింటారు. ఇత్తడి వెల్డింగ్, అంటే బ్రేజింగ్, బీడుకి బాగా అంటుకుంటుంది, చల్లగా ఉండే ఇన్‌టేక్ ఫ్లాంజ్ చెవి విరిగితే చక్కటి దారి. కానీ ఘాట్ రోడ్డు మీద లోడుతో ఎక్కేటప్పుడు దాదాపు ఎర్రబడే ఎగ్జాస్ట్‌కి అది పనికిరాదు, అంత వేడిలో ఇత్తడి బలం పోతుంది. రెండోది నికెల్ రాడ్‌తో ఆర్క్. పూర్తి నికెల్ రాడ్ మెత్తగా, మెషిన్‌కి తేలిగ్గా ఉంటుంది, 55 శాతం నికెల్ మిగతా ఇనుము ఉండే రాడ్ మందమైన పోతకి బలం ఎక్కువిస్తుంది, ఎగ్జాస్ట్‌కి నా ఓటు దానికే. అంగుళం మించకుండా చిన్న చిన్న అతుకులు వేస్తూ, వెంటనే చిన్న సుత్తితో దరువేస్తూ, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక తర్వాతది వెయ్యాలి. తొందరపడి ఒకే దెబ్బకి లాగితే చల్లటి గాజు గ్లాసులో మరిగే టీ పోసినట్టు పక్కనే కొత్త పగులు టప్పున వినపడుతుంది. మూడోది వేడి పద్ధతి, మ్యానిఫోల్డ్ మొత్తాన్ని కొలిమిలో 500 నుంచి 650 డిగ్రీల దాకా కాచి, గ్యాస్ మీద బీడు రాడ్‌తోనే పోసి, పొడి సున్నంలోనో బూడిదలోనో పూడ్చి మర్నాటిదాకా చల్లారనివ్వడం. మూడిట్లో ఎగ్జాస్ట్‌కి అన్నిటికంటే గట్టిది ఇదే, వెల్డూ పోతా ఒకేలా సాగుతాయి కాబట్టి. ఇబ్బందల్లా ఓపికగా చేసేవాళ్ళు ఇప్పుడు తక్కువ. ఏ పద్ధతైనా పాత ఎగ్జాస్ట్ బీడు లోపల్నుంచీ మసి, నూనె పీల్చుకుని ఉంటుంది, పగుల్ని వీ ఆకారంలో గ్రైండ్ చేసి, ఆ చోట కాచి మసి కాల్చేసి మెరిసే లోహం కనిపించాకే రాడ్ పెట్టాలి. లోహం పొడిపొడిగా రాలుతూ వెల్డు పట్టకపోతే అక్కడితో ఆపెయ్యండి, ఆ పోత చచ్చిపోయింది. ఎపాక్సీ పేస్టుల జోలికి ఎగ్జాస్ట్‌లో పోనే వద్దు, కాలిపోతాయి.

ఇక్కడ వరస చాలా ముఖ్యం: వెల్డింగ్ ముందు, ఫేసింగ్ తర్వాత. వెల్డు చేస్తే ఎంతో కొంత లాగుతుంది, మందపాటి ప్లేటుకి బోల్టులతో బిగించి చేసినా లాగుతుంది. ఫేసింగ్ అయ్యాక వెల్డు చేయిస్తే ఫేసింగ్ డబ్బులు పోయినట్టే. వెల్డు పక్కన బీడు గట్టిపడి కట్టర్ జారుతుంది, కార్బైడ్ బిట్లు వాడమని షాపులో ముందే చెప్పాలి. మీ బండికి ఇన్‌టేక్ అల్యూమినియం అయితే సంగతి వేరు, ఏసీ టిగ్ వెల్డింగ్ మీద 4043 రాడ్‌తో శుభ్రంగా అతుకుతుంది, బీడంత గొడవ లేదు.

వేరే పీసు కొనడం. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో, హైదరాబాద్ రాణిగంజ్‌లో, చెన్నై పుదుపేటలో, ఇంకా దూరమైతే ఢిల్లీ మాయాపురిలో పాత పీసులు దొరుకుతాయి. వెళ్ళేటప్పుడు స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్, సుద్ద, చిన్న సీసాలో కిరసనాయిలు పట్టుకెళ్ళండి, దారానికి వేలాడదీసి చిన్న సుత్తితో తడితే మంచి పోత గణగణ మోగుతుంది, పగులున్నది మొద్దుగా పలుకుతుంది. పెయింట్ వేసి మెరిపించిన పీసు కంటే తుప్పు పట్టిన పీసుని నమ్ముతా, ఎందుకంటే పెయింట్ కింద ఏముందో తెలీదు. పాతదైనా, కొత్తగా పోసిన డూప్లికేట్ అయినా మీ రెండో సగంతో కలిపి ఫేసింగ్ తప్పదు. ఎగ్జాస్ట్ ఒక్కటే మార్చి పాత ఇన్‌టేక్‌తో నేరుగా బిగిస్తే పైన చెప్పిన ఎత్తుపల్లాల సమస్య తీరకపోగా కొత్తగా మొదలవుతుంది. పైపులు వంచి హెడ్డర్ చేయించుకుంటానంటే, అరవై హార్స్‌పవర్ ఇంజన్‌కి దానివల్ల వచ్చేది సౌండే. ఇన్‌టేక్‌కి ఉన్న ఆధారం పోతుంది, కింద వేడి పోతుంది, పల్చటి పైపు అతుకుల దగ్గర చిట్లుతుంది, బండి అసలు రూపం చెడుతుంది. ఏ పీసూ దొరకని పరిస్థితిలో తప్ప వద్దు. ఎగ్జాస్ట్‌కి హీట్ టేపు చుట్టడం కూడా వద్దు, వేడి లోపలే ఆగిపోయి పోత ఇంకా త్వరగా పగులుతుంది, వానాకాలంలో తడి పట్టుకుని తుప్పు.

బిగించే పని మీద శ్రద్ధ పెట్టకపోతే పైదంతా దండగ. బ్లాకు ఫేసు కూడా స్ట్రెయిట్ ఎడ్జ్‌తో చూడండి, స్టడ్ల మొదట్లో లోహం పైకి లేచి ఉంటే ఆకురాయితో తీసెయ్యండి. స్టడ్లు కొత్తవి వేసుకోండి. ఎల్-134 లో స్టడ్ విరిగితే బ్లాకులోనే విరుగుతుంది కాబట్టి డ్రిల్‌తో యుద్ధం మొదలెట్టకుండా, ముందు మిగిలిన ముక్క మీద నట్టు పెట్టి వెల్డు చేసి, ఆ వేడి చల్లారుతుండగా అటూఇటూ తిప్పుతూ తీయండి, చాలావరకు వచ్చేస్తుంది. నట్లు ఇత్తడివి వాడితే తుప్పుతో పట్టెయ్యవు, మరలకి కాపర్ యాంటీసీజ్ (పట్టెయ్యకుండా కాపాడే పేస్టు) రాయండి. బిగించేటప్పుడు ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ కలిపే మధ్య బోల్టుల్ని చేత్తో తిప్పేంత లూజు చేసుకుని, ముందు బ్లాకు నట్లన్నీ మధ్య నుంచి చివర్లకి రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో (బిగింపు ఎంతో చూపించే పానాతో) మాన్యువల్ లెక్క ప్రకారం బిగించి, ఆ తర్వాతే మధ్య బోల్టులు బిగించాలి. చివరి నట్ల మీద అదనపు బలం చూపించొద్దు, అక్కడ పోత జరగాలి కదా.

షాపుకి వెళ్ళినప్పుడు "ఫేసింగ్ చెయ్యండి" అని ఒక్క ముక్క చెప్పి వచ్చెయ్యకండి. రెండూ కలిపి బిగించి ఇచ్చానండి, విడదియ్యొద్దు, బిగింపుకి వంగకుండా కింద రేకులు పెట్టండి, ఫేసంతా కట్టర్ తగలగానే ఆపండి, అయ్యాక మీ ముందే నేను గేజ్ పెట్టి చూసుకుంటా అని చెప్పండి. మంచి మేస్త్రి దీనికి విసుక్కోడు. ఇంటికి తెచ్చి బిగించాక బండిని బాగా వేడెక్కేదాకా తిప్పి, పూర్తిగా చల్లారాక మళ్ళీ ఒకసారి నట్లన్నీ టార్క్ చూసుకోండి, వారం తిరిగాక ఇంకోసారి.